మన సంఘం వార్షిక నివేదిక: పాత ఫోటోలు, ఊరి బోర్డులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఉగాది, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ఎప్పటిలాగే బాగా జరిగాయి. తెలుగు బడి శనివారాలు ఆగకుండా నడిచింది. జమాఖర్చుల కాగితం ఈ నివేదికకు జతచేశాం, సర్వసభ్య సమావేశంలో కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. ఇక్కడ చోటంతా కొత్తగా తలకెత్తుకున్న పనికి కావాలి. అది కెనడాలో మనముండే సస్కాచెవాన్ రాష్ట్రపు పల్లెటూళ్ళ పాత ఫోటోల పని.

ఈ పని ఒక దుఃఖంలోంచి మొదలైంది. పోయిన చలికాలంలో మనం మాస్టారు గారని పిలుచుకునే పెద్దాయన కన్నుమూశారు. డెబ్భైల్లో ఈ రాష్ట్రానికి టీచరుగా వచ్చి, నాలుగైదు చిన్న ఊళ్ళలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక రాజధాని రిజైనాలో స్థిరపడిన మనిషి. కర్మలయ్యాక వాళ్ళబ్బాయి మూడు అట్టపెట్టెలు తెచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టారు. "ఇందులో సగం మంది ఎవరో నాకు తెలియదండీ, అమ్మకి కూడా కొన్నే గుర్తున్నాయి" అన్నారు. ఒక్క ఫోటో వెనకా అక్షరం లేదు.

మొదట చేతికొచ్చిన ఫోటోలో చీర మీద మందపాటి కోటు వేసుకుని, మోకాలి లోతు మంచులో నిలబడి నవ్వుతున్న, మనకు తెలిసిన ఒక ఆంటీ ఉన్నారు. ఆవిడ వెనక గ్రెయిన్ ఎలివేటర్ ఉంది. రైతులు తెచ్చిన గోధుమలను ఎత్తి నిల్వచేసి రైలు పెట్టెల్లోకి వదిలే ఎత్తైన చెక్క గోదాము అది. ఊరి పేరు దాని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసేవారు. ఈ ఫోటోలో చివరి మూడు ఇంగ్లీషు అక్షరాలే పడ్డాయి: ఏ, ఆర్, డి. విన్‌యార్డ్ కావచ్చు, వాన్‌గార్డ్ కావచ్చు. ఒకటి క్విల్ సరస్సుల దగ్గర, రెండోది నైరుతిన స్విఫ్ట్ కరెంట్ వైపు. ఆంటీని అడిగితే ఊరి పేరు గుర్తురాలేదు కానీ, "అక్కడో పెద్ద చెరువుండేది బాబూ, ఒడ్డంతా తెల్లగా ఉప్పు తేరి ఉండేది" అన్నారు. బిగ్ క్విల్ లేక్ ఉప్పునీటి సరస్సు. ఊరు విన్‌యార్డ్ అని తేలిపోయింది. అర్ధగంటలో ఆంటీ ఆ వీధిలో ఎవరెవరి ఇళ్ళు ఉండేవో చెప్పడం మొదలుపెట్టారు. కమిటీ ఈ పనిని గట్టిగా పట్టుకున్నది ఆ రోజే.

అప్పటినుంచి ఎక్కడ పాత ఫోటో కనపడినా ముందు మా చూపు బోర్డు మీదికే పోతోంది. మనుషులు పేరు చెప్పకుండా వెళ్ళిపోయినా బోర్డు చెబుతుంది. ఈ ఊళ్ళకు అలాంటి ఫోటోలు బోలెడున్నాయి. 1905లో రాష్ట్రం ఏర్పడిన రోజులకే పోస్టుకార్డు సైజులో ఫోటో తీసే కోడాక్ కెమెరాలు వచ్చేశాయి. ఒక వీధి, నాలుగు దుకాణాలు, చివర రైల్వే స్టేషన్ ఉంటే చాలు, దాన్ని కార్డుగా అచ్చేసి సొంత దేశంలో ఉన్నవాళ్ళకి పంపేవారు. మేమిక్కడ బాగానే ఉన్నాం, చూడండి అని. మన ఇళ్ళ నుంచి వాట్సాప్‌లో వెళ్ళే మంచు ఫోటోలూ ఆ బాపతే.

కొత్తగా పని మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఎవరెట్ బేకర్ స్లైడ్లు చూడమని. ఆయన సస్కాచెవాన్ వీట్ పూల్ అనే రైతుల సహకార సంస్థ ఉద్యోగి. మీటింగుల కోసం ఊరూరూ తిరుగుతూ, ముఖ్యంగా నలభైల్లో, యాభైల్లో, కోడాక్రోమ్ అనే రంగుల ఫిల్ము మీద వేల స్లైడ్లు తీశారు. 1957లో మొదలైన సస్కాచెవాన్ హిస్టరీ అండ్ ఫోక్‌లోర్ సొసైటీకి తొలి అధ్యక్షుడు కూడా ఆయనే. ఆ రంగులు నేటికీ నిన్న తీసినట్టున్నాయి. మన డెబ్భైల ప్రింట్లు మాత్రం ఎర్రబారిపోయాయి. తప్పు ఆల్బమ్ దాచినవారిది కాదు. ఆ రోజుల కలర్ ప్రింట్లలో నీలం ఛాయ ముందుగా వెలిసిపోతుంది. కోడాక్రోమ్ చీకట్లో పెడితే చాలాకాలం నిలుస్తుంది. అందుకే స్కానింగ్ ఇక వాయిదా వేయకండి.

ఎండాకాలంలో తెలుగు బడి పిల్లల్ని మెల్విల్ నుంచి పడమటికి తీసుకెళ్ళాం. గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ రైల్వే ఆ దారిలో స్టేషన్లకు అక్షరక్రమంలో పేర్లు పెట్టుకుంటూ పోయింది. ఫెన్‌వుడ్, గుడీవ్, హబ్బర్డ్, ఇటూనా, జాస్మిన్, కెల్లిహర్, లెస్టాక్. గుర్రపు బండి మీద ధాన్యం తెచ్చే రైతు ఒక్క పగట్లో వచ్చి వెళ్ళేలా ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉండేవి. పిల్లలు వ్యానులో ఒక్కో బోర్డుకీ అక్షరం అరిచారు. ఒక పాప "మనమైతే అ నుంచి ఱ దాకా ఊళ్ళు కట్టాలి" అంది. ఇటూనా ప్రాంతంలో స్థిరపడినవారిలో చాలామంది ఉక్రెయిన్ నుంచి వచ్చిన రైతులు. అలాంటి ఊళ్ళ పాత ఫోటోల్లో కొన్ని హాళ్ళ మీద, చర్చిల మీద వాళ్ళ లిపి కనపడుతుంది. వచ్చిన కొత్తలోనే తమ అక్షరాలు గోడకెక్కించుకున్నారు.

దారిలో ఎలివేటర్లు ఒకటీ అరా తప్ప మిగల్లేదు. ముప్పైల్లో మూడు ప్రెయిరీ (గడ్డిమైదానాల) రాష్ట్రాల్లో కలిపి ఐదువేలకు పైగా ఉండేవి. లారీలు పెద్దవయ్యాయి, చిన్న రైలు మార్గాలు మూతపడ్డాయి, 1995లో ధాన్యం రవాణా సబ్సిడీ ఆగిపోయింది, ఆ తర్వాత కూల్చివేత ఇంకా జోరందుకుంది.

బోర్డును గుడ్డిగా నమ్మకూడదని కూడా నేర్చుకున్నాం. ఒక సభ్యుడు తెచ్చిన ఫోటోలో ఎలివేటర్ మీద 'డాగ్ రివర్' అని ఉంది. మ్యాపు అంతా వెతికాం. తీరా చూస్తే అది రూలో ఊరి ఎలివేటర్. టీవీ సీరియల్ కోసం ఆ కల్పిత పేరు రాశారు. 2021 నవంబరులో అది కాలిపోయింది కూడా.

ఈ ఫోటోలతో పెట్టిన దసరా ప్రదర్శనలో జనం ఎక్కువసేపు నిలబడింది చైనా వాళ్ళ కేఫ్‌ల దగ్గర. ప్రతి చిన్న ఊళ్ళోనూ ఒకటి ఉండేదన్నట్టు ఉంటుంది ఈ ఫోటోలు చూస్తే. బోర్డు మీద చాలాసార్లు యజమాని పేరుండదు, ఊరివాళ్ళకు నచ్చే ఇంగ్లీషు పేరే. ఆ మనిషి దేశంలోకి రావడానికి 1903 నుంచి 500 డాలర్ల తలపన్ను కట్టాలి. 1923 నుంచి 1947 దాకా రాకే దాదాపుగా నిషేధం. అంటే కౌంటర్ వెనక నిలబడ్డవాళ్ళలో ఎంతోమంది పెళ్ళాం పిల్లల్ని ఏళ్ళ తరబడి చూడలేదు. తెల్ల ఆడవాళ్ళను పనిలో పెట్టుకోకూడదని 1912లో ఈ రాష్ట్రం వాళ్ళ మీద చట్టం చేసింది, మూస్‌జాలో కేఫ్ నడిపిన క్వాంగ్ వింగ్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1914లో ఓడిపోయారు. మన దేశం వాళ్ళను ఆపడానికి 1908లో తెచ్చిన ఎడతెగని ప్రయాణం నిబంధన (సొంత దేశం నుంచి మధ్యలో ఆగకుండా వచ్చినవాళ్ళనే రానిచ్చేది) కథ మనకు తెలిసిందే. మనం ఈ పక్కింటివాళ్ళ కథ కూడా తెలుసుకోవాలి.

ప్రదర్శనలో మొదటి కార్డు మీద ఈ నేల గురించి క్రీ తదితర ఆదివాసులకూ ప్రభుత్వానికీ మధ్య 1874లో ఫోర్ట్ కపెల్‌లో జరిగిన నాలుగో ఒప్పందం గురించి రాశాం. దుకాణాల ఫోటోల్లో క్రీ ప్రజల పేర్లు కనపడవు. కానీ మనం రోజూ నడిచే వస్కానా చెరువు పేరు, ఎముకలు పోగుపోసిన చోటు అని అర్థమొచ్చే వాళ్ళ మాటలోంచి వచ్చిందే.

ఒక పొరపాటు మా వల్ల జరిగింది. జిగురు పేజీల ఆల్బమ్ నుంచి ఒక పెళ్ళి ఫోటోను తొందరపడి లాగితే మూల చిరిగింది. ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పుకున్నాం. ఇప్పుడు పళ్ళ సందులు శుభ్రం చేసే సన్నటి డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫోటో కింద మెల్లగా పోనిచ్చి విడదీస్తున్నాం. రాకపోతే పేజీతో సహా స్కాన్ చేస్తున్నాం. ఫోటో వెనక బాల్ పెన్నుతో రాయకండి, ముందుకి గుర్తు పడుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి, అది పట్టకపోతే కవరు మీద రాయండి. ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఈ మూడు చాలు.

కాపీలు రాష్ట్రపు పాత పత్రాలు దాచే ప్రొవిన్షియల్ ఆర్కైవ్స్‌కు ఇవ్వాలా వద్దా అన్నది సర్వసభ్య సమావేశంలో తేల్చాలి. ఇవ్వాలన్నది నా అభిప్రాయం. కుటుంబం ఒప్పుకోనిది ఒక్కటి కూడా బయటకు పోదు.

చివరగా, మాస్టారు గారి మూడో పెట్టె అడుగున దొరికిన ఫోటో. ఏదో ఊరి కర్లింగ్ రింక్ (మంచుగడ్డ మీద రాళ్ళు జార్చి ఆడే ఆట స్థలం) గుమ్మం ముందు నాలుగు కుటుంబాలు, చుట్టూ కరగని మంచు, మధ్యలో రెండు కొసలా పట్టుకున్న దుప్పటి. దాని మీద ఎర్ర రంగుతో, చేతిరాతతో, 'శ్రీ పింగళ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు'. పింగళ అంటే 1977. మా దగ్గరున్న ఫోటోల్లో మొదటి తెలుగు బోర్డు ఇదే. కుడి కొస పట్టుకున్నది మాస్టారు గారు. ఎడమ కొస పట్టుకున్న పొడుగు జడ ఆవిడను ఆంటీ కూడా గుర్తుపట్టలేకపోయారు. ఆ ఫోటో పెద్దది చేయించి హాలు గుమ్మం పక్కన పెట్టాం. ఆవిడ ఎవరో తెలిసినవారు కార్యదర్శికి చెప్పండి.