మామిడిపళ్ళు పండాయా, లేదా?

చిట్టితల్లీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నాకు అదే ఆలోచన. "పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పియాజే చెప్పిన దశలన్నీ మా స్టూడెంట్లు గడగడా అప్పజెప్తారమ్మా. రెండేళ్ళ దాకా ఇంద్రియ చాలక దశ, ఏడు దాకా పూర్వ ప్రచాలక దశ... కానీ ఎదురుగా ఒక పిల్లాడు ఎందుకు మొండికేశాడో చెప్పమంటే ఒక్కళ్ళూ నోరు విప్పరు" అన్నావు. ఇన్నేళ్ళు బి.ఇడి. క్లాసుల్లో నేనూ పడిన బాధే అది. ఫోన్‌లో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

వచ్చే వారం క్లాసుకి పాఠ్యపుస్తకం వద్దు. 'స్వామి అండ్ ఫ్రెండ్స్' తీసుకెళ్ళు. ఆర్.కె. నారాయణ్ నవల, 1935లో వచ్చింది. అందులో తండ్రి స్వామి చేత లెక్క చేయించే చోటు ఉంది చూడు, అది పైకి చదువు. రామ దగ్గర పది మామిడిపళ్ళున్నాయి, వాటి మీద పదిహేను అణాలు రాబట్టాలి. కృష్ణకి నాలుగు పళ్ళే కావాలి. ఎంత ఇవ్వాలి? స్వామికి లెక్క మీద ధ్యాస లేదు. ఆ పళ్ళు పండాయా లేదా అన్నదే వాడి సందేహం. వెళ్ళి నాన్ననే అడుగుతాడు. ఆ లెక్క చివరికి ఏడుపుతో తేలుతుంది.

నేను మొదటిసారి ఇది చదివినప్పుడు క్లాసంతా నవ్వింది. నవ్వు ఆగాక "స్వామి అడిగింది తప్పా?" అన్నాను. కాసేపు ఎవరూ పలకలేదు. వెనక బెంచీలో ఒకబ్బాయి లేచి, "మా అమ్మ బండి మీద పళ్ళు అమ్ముతుంది మేడం. కాయకి ఒక రేటు, పండుకి ఒక రేటు, మచ్చ పడితే ఇంకో రేటు. స్వామి అడిగిందే అసలు లెక్క" అన్నాడు. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు. పియాజే చెప్పినవాటిలో ఏడేళ్ళ తర్వాత వచ్చే మూర్త ప్రచాలక దశ అంటే ఏమిటో అప్పుడు చెప్పాను. పిల్లల ఆలోచన కళ్ళ ముందున్న వస్తువుని పట్టుకుని నడుస్తుందన్న మాట వాళ్ళకి ఇట్టే అందింది. ముందు పిల్లాడు, తర్వాతే సిద్ధాంతం. ఈ వరస మాత్రం తిరగబడనివ్వకు.

రెండో పుస్తకం 'ది సీక్రెట్ గార్డెన్'. 1911 నాటిది. మేరీ మన దేశంలో పుట్టిన తెల్లదొరల పిల్ల. కలరా వచ్చిన రోజు పొద్దున ఆ పిల్ల ఒక్కతే బయట కూర్చుని చిన్న చిన్న మట్టికుప్పల్లో ఎర్ర మందారాలు గుచ్చుకుంటూ ఉంటుంది. అంతలోనే ఆయా చనిపోతుంది, తర్వాత తల్లీ తండ్రీ పోతారు. మేరీని ఇంగ్లండ్‌లో ఒక పెద్ద బంగళాకి పంపిస్తారు. ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న ఆ రహస్య తోట అక్కడిదే. తొమ్మిది దాటిన పిల్లకి బట్టలు వేసుకోవడం రాదు, ఎందుకంటే ఎప్పుడూ ఆయాయే తొడిగింది. అక్కడి పనిమనిషి మార్తా ఆశ్చర్యపోయి, మా సుసాన్ ఆన్‌కి నాలుగేళ్ళే గానీ నీకంటే రెండింతలు చురుకు అంటుంది. ఈ ఒక్క మాట దగ్గర వారం రోజులు ఆగినా తప్పులేదు. ఏ వయసుకి ఏం రావాలో పట్టిక గీసి గోడకి తగిలిస్తాం కదా. ఒకే వయసు పిల్లలు ఒక ఇంట్లో ఒకలా, ఇంకో ఇంట్లో ఇంకోలా ఎందుకు ఎదుగుతారో ఆ పట్టిక చెప్పదు.

అక్కడితో వదిలెయ్యకు. కలరాతో చనిపోయిన ఆయాకి పిల్లలు ఉండి ఉంటే వాళ్ళ బాల్యం ఏమైందని అడుగు. మార్తా వాళ్ళింట్లో పన్నెండుమంది పిల్లలు, తండ్రికి వచ్చేది వారానికి పదహారు షిల్లింగులు. తోట తలుపు తెరుచుకున్నది ఎవరికి, ఆ ఇంట్లో గదులు ఊడ్చిన పిల్ల ఎవరు? నవల ఎవరి వైపు చూడలేదో పట్టుకోవడం కూడా మన పాఠంలో భాగమే.

ఇంకో జాగ్రత్త. ఈ పుస్తకాలన్నీ పెద్దవాళ్ళు రాసినవే. బుడుగు మాటలు వింటుంటే నిజంగా పిల్లాడే మాట్లాడుతున్నాడు అనిపిస్తుంది. ఆ కలం పట్టింది మాత్రం ముళ్ళపూడి వెంకటరమణ గారు. పెద్దవాళ్ళు తమకి గుర్తున్న బాల్యాన్ని రాశారా, కావాలనుకున్న బాల్యాన్ని రాశారా? దీనికి ఒక్క జవాబు రాబట్టాలని చూడకు, వాళ్ళని వాదించుకోనీ. ఇంగ్లీషు అంటే టెన్షన్ పడే పిల్లలుంటారు, వాళ్ళకి నండూరి రామ్మోహనరావు గారి తెలుగు 'టామ్ సాయర్' ఇవ్వు. కథా సారాంశం రాయమని మాత్రం అడగకు. గైడు చూసి రాసేస్తారు.

నా దగ్గర ఒక కాగితం ఉంది. గద్వాల వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి, మార్తా గురించి చదివిన మర్నాడు రాసిచ్చింది. ఏడో తరగతిలో ఉండగా విత్తనాల కోసం వేసే సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి, అంటే పువ్వుల్ని చేత్తో సంకరం చేసే పనికి వెళ్ళేదట. సాయంత్రం మొగ్గలు గిల్లడం, పొద్దున్నే మగపువ్వు తెచ్చి రుద్దడం. చెట్టు పిల్లల ఎత్తులో ఉంటుందని పిల్లల్నే పెట్టుకునేవారట. "మా పుస్తకంలో బాల్యం అని రాసింది చదువుతుంటే నాది కాదనిపించేది మేడం. మార్తా గురించి చదివాక నాదీ బాల్యమే అనిపించింది" అని రాసింది. ఆ రోజు ఆ కాగితానికి మార్కులు వేయలేకపోయాను, ఇంటికి తెచ్చేసుకున్నాను.

మీ నాన్న శనివారం అటు వస్తున్నారు. నా 'సీక్రెట్ గార్డెన్' ఆయనతో పంపుతున్నాను. అట్ట ఊడింది, జాగ్రత్తగా పట్టుకో. ఆ కాగితం మందారాల పేజీ దగ్గర పెట్టాను. చదువుకుని తిరిగి పంపించు.

ప్రేమతో,
అమ్మ