వేప్ కాయిల్ గురించి మీ పేపర్ల ఒక్కసారి వివరంగా రాయండి

సంపాదకులకు నమస్కారం సార్,

రాణిగంజ్‌లో హీటర్ ఎలిమెంట్లు, వైండింగ్ సామాన్లు అమ్మే షాపు నాది. మీ సిటీ పేజీల ఈ-సిగరెట్లు పట్టుకున్నరు అనే వార్తలు వస్తనే ఉన్నయి, ఎన్ని పీసులు దొరికినయి, విలువెంత, ఎవరి మీద కేసు అయింది అంతా రాస్తున్నరు, మంచిదే. గానీ ఆ ఈ-సిగరెట్ (వేప్) లోపల లిక్విడ్‌ను కాచి ఆవిరి చేసే వైరు చుట్ట, అదే కాయిల్, దాని గురించి ఒక్క లైను కూడా ఉంటలేదు. పోరగాళ్లు మాత్రం దాని గురించే అడుగుతున్నరు. మా దగ్గర వైరు తూకం మీద పోతది, ఎవడన్నా వచ్చి "అన్నా, కాంతల్ 26 గేజ్ రెండు మీటర్లు ఇయ్యి" అన్నడంటే అది వేప్ కాయిల్ చుట్టుకునేతందుకే అని నాకు అర్థమైతది, ఇయ్యను.

ముందుగాల ఈ గేజ్, అంటే వైరు మందం నంబరు, దాని సంగతి చెప్త. కాయిల్ చుట్టుడు చూపే వీడియోల చెప్పే 26 గేజ్ అమెరికా లెక్క, అంటే దాదాపు 0.40 మిల్లీమీటర్లు. మన మార్కెట్ల 26 గేజ్ అంటే బ్రిటిష్ లెక్క, 0.457 మిల్లీమీటర్లు. నంబరు ఒక్కటే గానీ మనది లావు, లావు వైరుకు రెసిస్టెన్స్ తక్కువ, వీడియోల చెప్పినన్ని చుట్లే చుడితే అనుకున్నదానికంటే తక్కువ ఓమ్స్ (రెసిస్టెన్స్ కొలత) వస్తయి, సెల్లు మీద లోడు పెరుగుతది. ఫుల్ చార్జ్ అయిన లిథియం సెల్లు 4.2 వోల్టులు ఇస్తది, దానికి 0.5 ఓమ్ కాయిల్ పెడితే 8.4 ఆంపియర్లు లాగుతది, అదే 0.2 ఓమ్ పెడితే 21 ఆంపియర్లు, 88 వాట్లు! పాత లాప్‌టాప్ బ్యాటరీల నుంచి పీకిన సెల్లులకు చాలావాటికి అంత ఇచ్చే తాకత్ ఉండదు, లోపల కంట్రోల్ చేసే సర్క్యూట్ లేని డివైజ్ అయితే ఇగ ఆపేది ఏదీ లేదు, సెల్లు వేడెక్కి పేలొచ్చు. పొగ బాగా రావాలని ఓమ్స్ తగ్గించుకుంట పోయే పిల్లలకు ఈ లెక్క ఎవరన్నా చెప్పిన్రా? ఇంటర్ ఫిజిక్స్‌ల ఉన్న ఓమ్ సూత్రమే ఇది.

ఇంకోటి, లోహం. కాయిల్ వైరు చానాసార్లు నైక్రోమ్ గానీ కాంతల్ గానీ ఉంటది. నైక్రోమ్‌ల ఎక్కువ భాగం నికెల్, మిగతాది క్రోమియం. కాంతల్ అంటే ఇనుము, క్రోమియం, అల్యూమినియం, అందుకే అయస్కాంతం పెడితే అంటుకుంటది, నైక్రోమ్ అంటుకోదు, మేము షాపుల గుర్తుపట్టేది గట్లనే. గిల్టు నగలు పెడితే మెడ మీద దద్దుర్లు వచ్చేటోళ్లున్నరు కదా, చానామందికి అది నికెల్ పడకనే. నీళ్లు కాచే రాడ్‌ల గూడ నైక్రోమ్ వైరే ఉంటది, గానీ అది తెల్లపొడి మధ్యన, గొట్టం లోపల సీల్ అయి ఉంటది, నీళ్లకు తగలదు. వేప్‌ల అదే తీరు వైరు ఉత్తగనే లిక్విడ్ పీల్చుకునే దూది చుట్టూ ఉంటది, దాని మీద మరిగినదాన్ని నేరుగా ఊపిరితిత్తులల్లకు పీలుస్తున్నరు. అమెరికాల జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్లు 2018ల పరీక్ష చేస్తే రీఫిల్ సీసాల లిక్విడ్‌ల లోహాలు తక్కువే, కాయిల్‌కు తగిలినంక ట్యాంకుల ఉన్న లిక్విడ్‌ల, పీల్చే ఆవిరిల సీసం, నికెల్, క్రోమియం బాగా ఎక్కువ కనబడ్డయి.

దూది ఎండితే మాడు వాసన వస్తది, అప్పుడు లిక్విడ్‌ల ఉన్న గ్లిజరిన్ గట్ల అతిగా కాగి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ అనే విష పదార్థాలు పుడుతయి. ఉత్త నీటి ఆవిరే అని చెప్పి అమ్మేటోళ్లు ఈ ముచ్చట చెప్పరు.

ఇగ "ఏ కాయిల్ మంచిదన్నా" అని అడిగేటోళ్లకు నా జవాబు ఇది. ఓమ్స్ ఎక్కువుంటే కరెంటు తక్కువ, వేడి తక్కువ, ఆవిరి తక్కువ, మెష్ (జాలి తీరు కాయిల్) అయితే వేడి సమానంగా పరుచుకుంటది, ఇవన్నీ నిజమే. గానీ ఏది కొన్నా దాని మీద రాసిన ఓమ్స్ నిజమో, లోపల ఉన్నది ఏ లోహమో మన దగ్గర చెక్ చేసేటోడు లేడు, ఎందుకంటే 2019 చట్టంతోని ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలు అన్నీ బంద్. అమ్మి మొదటిసారి దొరికితే ఏడాది దాక జైలు లేదా లక్ష దాక జరిమానా, రెండూ పడొచ్చు. దొంగచాటుగ వచ్చిన మాలుకు గ్యారంటీ ఎవడు ఇస్తడు, నిషేధం ఉన్నా దొరుకుతనే ఉన్నది కాబట్టి నేను మీకు రాస్తున్న.

నా విన్నపం ఒక్కటే సార్, ఈసారి పట్టివేత వార్త వేసినప్పుడు పక్కన ఒక చిన్న బాక్స్ కట్టి కాయిల్ బొమ్మ వేసి ఈ ఓమ్స్ లెక్క, లోహాల సంగతి ఒక ఫిజిక్స్ లెక్చరర్‌తోని, ఒక ఊపిరితిత్తుల డాక్టర్‌తోని రాయించండి. భయపెట్టుడు వద్దు, లెక్క చూపియ్యండి, ఈ వయసు పిల్లలు లెక్కకే ఆగుతరు. మానెయ్యాలనుకునేటోళ్లకు సిగరెట్ డబ్బాల మీద ఉండే 1800-11-2356 నంబరు గూడ కింద వెయ్యండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రికల్ షాపు యజమాని,
రాణిగంజ్, సికింద్రాబాద్