మన పారిశుద్ధ్య కార్మికుల కాలనీ సంఘం వార్షిక నివేదిక, 2024–25 (నెల్లూరు)

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక చందాలతో, మరమ్మతులతో మొదలవుతుంది. ఈసారి వాటిని చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను. ముందు ఏప్రిల్ 4 సాయంత్రం మనం పెట్టుకున్న సభ గురించి, నవంబర్‌లో పోయిన మన తమ్ముడి గురించి చెప్పాలి.

మార్టిన్ లూథర్ కింగ్ వర్ధంతి మనకెందుకని కమిటీలోనే కొందరు అడిగారు. అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడాడని అందరం విన్నాం. చనిపోయేనాటికి ఆయన చెత్త ఎత్తే కార్మికుల సమ్మెకు అండగా ఉన్నాడన్నది మనలో చాలామందికి తెలియదు. 1968 ఫిబ్రవరి 1న మెంఫిస్ నగరంలో వాన పడుతుంటే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు కార్మికులు చెత్త లారీ వెనక తొట్టిలో తలదాచుకున్నారు. చెత్తను అదిమే యంత్రం ఉన్నట్టుండి కదిలి ఇద్దరినీ నలిపేసింది. ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది పని ఆపేశారు. ‘నేను మనిషిని’ అని రాసిన అట్టలు పట్టుకుని వీధుల్లో నడిచారు.

సభలో ఇది చదువుతుంటే కంపాక్టర్ (చెత్త అదిమే బండి) మీద పనిచేసే మన అన్న ఒకాయన లేచి, “వానొస్తే మనమూ బండి చాటునే గదా నిలబడేది” అన్నాడు. ఎన్నికల కోడ్ ఉందని మైకు పెట్టలేదు. అయినా ఆ మాట వెనక వరుస దాకా వినపడింది.

1968 ఏప్రిల్ 4న సాయంత్రం ఆరు దాటగానే మెంఫిస్‌లోని లోరైన్ మోటల్ బాల్కనీలో నిలబడిన కింగ్‌ను కాల్చి చంపారు. ఆయనకు 39 ఏళ్ళు. తర్వాతి రోజుల్లో వాషింగ్టన్, షికాగో, బాల్టిమోర్‌తో పాటు వందకు పైగా ఊళ్ళు అట్టుడికిపోయాయి. దుకాణాలు కాలాయి, సైన్యం దిగింది, దాదాపు 40 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళే. ఆ కోపాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ కాలిపోయిన వీధుల్లో ఎక్కువ వాళ్ళు బతుకుతున్నవే. మెంఫిస్‌లో మాత్రం ఏప్రిల్ 8న, భర్త అంత్యక్రియలు ఇంకా జరగకముందే, కింగ్ భార్య కొరెట్టా పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి ఆయన నడిపించాల్సిన ఊరేగింపును నడిపించింది. వేలమంది నోరు మెదపకుండా నడిచారు. ఏప్రిల్ 16న నగరం యూనియన్‌ను గుర్తించింది, జీతాలు పెంచడానికి ఒప్పుకుంది.

ఇదంతా ఎంతో దూరపు సంగతి అనుకున్నాం. నవంబర్‌లో అది మన గుమ్మంలోకే వచ్చింది. తెల్లవారుజామున రోడ్డు ఊడుస్తున్న మన తమ్ముణ్ణి లారీ గుద్దేసింది. ఒంటి మీద రేడియం జాకెట్ లేదు. వాటి కోసం మనం ఆర్నెల్లుగా అడుగుతూనే ఉన్నాం. కుర్రాళ్ళు కొందరు పెట్రోలు సీసాల దాకా పోయారు. “ఊరికే కూర్చుంటే మనల్ని ఎవురు పట్టించుకుంటారన్నా?” అని నా చొక్కా పట్టుకుని అడిగాడొకడు. నిజం చెప్తున్నా, నా దగ్గర జవాబు లేదు. అప్పుడు తమ్ముడి తల్లి, “నా బిడ్డ ఊడ్చిన రోడ్డయ్యా అది, దానికి నిప్పు పెట్టబాకండి” అంది. ఆ పిల్లలే ముందుగా చీపుర్లు కింద పెట్టి శవం పక్కన కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా ఎవరూ లేవలేదు. మూడు రోజులు చెత్త ఎత్తలేదు. నాలుగో రోజు జాకెట్లు వచ్చాయి. తమ్ముడి భార్యకు ఉద్యోగం ఇస్తామని నోటిమాటగా చెప్పారు, అది ఇంతవరకు కాగితం మీదికి రాలేదు. పరిహారం సంగతీ అంతే. పిల్లల ఫీజులు ఈ ఏడాదికి సంఘం కట్టింది.

మిగతావి. జూలైలో రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు గట్టున రాత్రింబవళ్ళు పనిచేసిన వాళ్ళకు మజ్జిగ, భోజనం సంఘం తరఫున ఇచ్చాం. సెప్టెంబర్‌లో విజయవాడ వరద బురద ఎత్తడానికి మన వాళ్ళు కొందరు వెళ్ళొచ్చారు, ఇద్దరికి కాళ్ళకు పుండ్లు పడితే మందులు కొనిచ్చాం. నీళ్ళ మోటారు బాగుచేయించాం. జమాఖర్చుల పట్టిక విడిగా ఉంది, చూసి సంతకం చేయండి.

తమ్ముడి కుటుంబం కాగితం కోసం ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు (ఫిర్యాదులు తీసుకునే చోటికి) వెళ్తున్నాం. పోయినసారి ముగ్గురమే ఉన్నాం. వచ్చే సోమవారం పొద్దున మస్తరు (హాజరు) అయ్యాక రాగలిగిన వాళ్ళు నాకు పేర్లు ఇవ్వండి.

మీ
కార్యదర్శి