1965 ఎం.జి.బి. కారు ముందు అద్దం వాషర్ మరమ్మతులో జరిగిన లోపాలపై ఫిర్యాదు

హైదరాబాదు,
18 సెప్టెంబరు 2025.

సర్వీసు విభాగం మేనేజర్ గారికి,

విషయం: నా 1965 ఎం.జి.బి. రోడ్‌స్టర్‌కు (పైకప్పు తెరుచుకునే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు) మీరు అమర్చిన కరెంటు వాషర్ పంపు పనిచేయకపోవడం, ఆ కారణం చూపి కారు ఎర్త్ (బ్యాటరీ ఏ కొసను బాడీకి కలపాలన్న ఏర్పాటు) మొత్తం మార్చాలంటూ అంచనా ఇవ్వడం గురించి.

అయ్యా,

ఆగస్టు 21న నా కారును మీ వర్క్‌షాపులో అప్పగించి, 27న 9,400 రూపాయలు చెల్లించి తిరిగి తీసుకున్నాను. ముందు అద్దం మీద నీళ్లు చిమ్మే వాషర్‌ను బాగుచేయడం ఒక్కటే నేను మీకు ఒప్పగించిన పని. ఆ పని కాలేదు. ఎందుకు కాలేదని సెప్టెంబరు 3న అడగడానికి వస్తే, బండి పాతది కావడమే కారణమని చెప్పి, ఎర్త్ మార్చడానికి మరో 28,000 రూపాయల అంచనా కాగితం నా చేతిలో పెట్టారు. నిజానికి తప్పు బండిది కాదు. పంపుకు వెళ్లే రెండు తీగలు తారుమారయ్యాయి, పంపును పెట్టకూడని చోట పెట్టారు.

ఈ కారు మా పెదనాన్నగారిది. ఇంగ్లండులో వైద్యుడిగా పనిచేసి తిరిగి వచ్చేటప్పుడు ఆయన దాన్ని ఓడలో వెంట తెచ్చుకున్నారు. ఆ ఏడాది ఎం.జి.బి. కార్లలో వాషర్‌కు మోటారు ఉండదు. డ్యాష్‌బోర్డు మీది గుండీని బొటనవేలితో నొక్కితే, దాని వెనకే ఉన్న చిన్న చేతిపంపు బోనెట్ కింది సీసాలో నీటిని లాగి, అద్దం దిగువనున్న జెట్ల గుండా చిమ్ముతుంది. అందులో కాలం గడిచేకొద్దీ చెడేది లోపలి రబ్బరూ, వాల్వూ మాత్రమే. నా బండిలో చెడిందీ అదే. నొక్కిన గుండీ లోపలికి పోయేది గాని మళ్లీ పైకి వచ్చేది కాదు. రబ్బరు మార్చమని నేను అడిగాను. అది దొరకదని, కరెంటు పంపు పెట్టుకుంటే మేలని మీ సర్వీసు అడ్వైజర్ ఫోనులో చెప్పినప్పుడు, పాత పంపును చెక్కుచెదరకుండా నాకు తిరిగి ఇవ్వాలన్న షరతు మీద ఒప్పుకున్నాను. ఆ సలహాను నేను ఇప్పటికీ తప్పుపట్టడం లేదు. జోరు వానలో ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో గుండీని పదిసార్లు నొక్కుతూ నడపడం కంటే మోటారు పంపు నయమే.

బండి ఇచ్చే రోజున వాషర్ ఒకసారి వేసి చూపించమని అడిగాను. మోటారు చప్పుడు వినిపించింది కాని అద్దం మీద చుక్క పడలేదు. ట్యూబులో గాలి చేరిందని, కాసేపు నడిపితే నీళ్లు వస్తాయని మీ మెకానిక్ చెప్పాడు. ఆ మాట నమ్మి బయలుదేరాను. మేడ్చల్ దారిలో, అప్పుడే వాన వెలిసిన రోడ్డు మీద, ముందు పోతున్న టిప్పర్ ఎర్ర బురదను నా అద్దం నిండా కొట్టింది. స్విచ్ నొక్కితే మోటారు గీపెట్టింది గాని నీళ్లు రాలేదు. వైపర్ వేస్తే ఆ బురద అరచేతితో అలికినట్టు అద్దమంతా పరుచుకుని, ఎదుటి రోడ్డు పూర్తిగా కనబడకుండా పోయింది. పక్క కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకుంటూ బండిని ఓరకు తెచ్చి ఆపి, తాగడానికి తెచ్చుకున్న సీసాలో నీళ్లు అద్దం మీద పోసి, జేబురుమాలుతో తుడుచుకుని ఇల్లు చేరాను. ఆ సమయంలో నా వెనుక లారీ లేకపోవడం నా అదృష్టం.

మీరు అంచనా ఇచ్చిన మరునాడు, మా వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్‌ను ఇంటికి పిలిపించాను. అతను ముందుగా మీటరు తీసి, ఎర్ర ముల్లును పంపుకు వచ్చే ఆకుపచ్చ తీగకూ, నల్ల ముల్లును బండి బాడీకీ ఆనించాడు. అంకె ముందు మైనస్ గుర్తు పడింది. ఈ బండికి బాడీయే ప్లస్ అన్నమాట. 1967 చివరలో రెండో మార్క్ (మార్చిన రెండో రూపం) వచ్చేదాకా ఎం.జి.బి. కార్లన్నీ పాజిటివ్ ఎర్త్‌తోనే, అంటే బ్యాటరీ ప్లస్ కొసను బాడీకి కలిపే తయారయ్యాయి. సీట్ల వెనుక మూత ఎత్తి, అక్కడ వరుసగా కలిపి ఉన్న రెండు ఆరు వోల్టుల బ్యాటరీల్లో బాడీకి బిగించిన తీగ ఏ కొసకు ఉందో చూస్తే చాలు, ఎవరికైనా తెలిసిపోతుంది. మీ దగ్గర ఆ మూత ఎవరూ ఎత్తలేదు. ఇప్పటి కార్లకు చేసినట్టే పంపు ప్లస్ కొసను పచ్చ తీగకూ, మైనస్ కొసను బాడీకీ కలిపేశారు. అందువల్ల మోటారు తిరుగుతుంది, చప్పుడూ చేస్తుంది, కాని తిరగవలసిన వైపుకు కాక ఎదురు వైపుకు తిరుగుతుంది. లోపలి రెక్కలు నీటిని ఒత్తిడితో నెట్టలేవు.

అతను పంపును విప్పి, నీళ్లున్న మగ్గులో ముంచి, మీరు కలిపిన తీగలతోనే ఒకసారి నడిపాడు. గొట్టం చివర నీరు ముక్కు కారినట్టు కారింది. తీగలు అటూ ఇటూ మార్చి మళ్లీ నడిపితే, అదే గొట్టంలోంచి నీళ్లు ఎగిరి గ్యారేజీ ఎదుటి గోడను కొట్టాయి. పట్టిన సమయం పది నిమిషాలు, అతను తీసుకున్నది వంద రూపాయలు. దీనికే మీరు 28,000 రూపాయలు అడిగారు. ఎర్త్ మార్చడం అసలు లేని పని అని నేను అనడం లేదు. అలా మార్చాలంటే డైనమోకు మళ్లీ ధ్రువాలు పెట్టాలి, కాయిల్ కలుపులు మార్చాలి, ఇంజను చుట్లు చూపే మీటరును విప్పి సవరించాలి. అది కోరుకున్నవారు చేయించుకుంటారు. ఒక వాషర్ పంపు కోసం అదంతా తప్పదని చెప్పడం మాత్రం తెలియక చెప్పిన మాటైనా కావాలి, తెలిసి చెప్పినదైనా కావాలి. ఏదో మీరే తేల్చుకోండి.

తీగలు సరిచేసి పంపును మీరు బిగించిన చోటే పెట్టినా నీళ్లు రాలేదు. ఈ రకం పంపు ఖాళీ గొట్టంలోంచి నీటిని పైకి పీల్చుకోలేదు. నీరు దానంతట అది పంపులోకి దిగాలి. మీరు దాన్ని సీసా మూత కంటే జానెడు ఎత్తున, ఇంజను వెనుక రేకుకు స్క్రూలు కొట్టి నిలబెట్టారు. పైగా నీళ్లు వెనక్కి జారిపోకుండా ఆపే వాల్వు ఒక్కటీ పెట్టలేదు. పంపును చేత్తో పట్టుకుని సీసా అడుగు మట్టానికి దించి, గొట్టం నింపి నడిపిన తర్వాతే రెండు జెట్లూ అద్దం నడిమికి అందాయి. పొడిగా తిరిగిన ప్రతిసారీ పంపు లోపలి సీలు అరుగుతుంది కాబట్టి, ఆ వారం రోజుల్లో దానికి ఎంత నష్టం జరిగిందో చూసి చెప్పవలసిన బాధ్యత కూడా మీదే.

ఫ్యూజు సంగతి ఇంతకంటే ప్రమాదకరమైనది. ఈ బండికి ఉన్నవి రెండే ఫ్యూజులు. పాత లూకాస్ కంపెనీ ఫ్యూజు మీద 35 (ఆంపియర్లు) అని రాసి ఉంటుంది. అది ఫ్యూజు కాలిపోయే అంకె, ఎడతెగకుండా మోయగలిగేది అందులో సుమారు సగం. మీరు పంపుకు వేసిన తీగ కుట్టుసూది మందం కూడా లేదు. అది ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే, ఆ ఫ్యూజు కాలే లోపల తీగే కాలుతుంది. పంపు పక్కనే అయిదు ఆంపియర్ల విడి ఫ్యూజు ఒకటి పెట్టి ఉంటే ఆ భయం ఉండేది కాదు.

ఇక డ్యాష్‌బోర్డు. పాత గుండీ ఉన్న రంధ్రంలోనే కొత్త స్విచ్ పట్టేది. అలా కాక దానికి రెండు అంగుళాల పక్కన, ముడతల నల్లరంగు వేసిన రేకులో డ్రిల్లుతో కొత్త రంధ్రం కొట్టి, పాతదాన్ని రబ్బరు బిరడాతో మూశారు. రంగు అంచుల వెంట పెచ్చులు లేచింది, రేకు రజను ఇప్పటికీ కార్పెట్‌లో గుచ్చుకుంటోంది. దీనికి నన్ను ఎవరూ అడగలేదు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల కింద ఈ బండికి, పాతకాలపు బండ్లకు ఇచ్చే వి.ఎ. వరుస వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. ఈ రంధ్రం వల్ల అది పోతుందని నేను వాదించను; ఛాసిస్, బాడీ, ఇంజను మార్పుల మాట వేరు. కాని అరవై ఏళ్లుగా ఎవరూ చేయి చేసుకోని రేకు అది.

చివరి సంగతి పాత చేతిపంపు. బిల్లులో దాని ప్రస్తావన లేదు, డిక్కీలో అది లేదు. అడిగితే తుక్కులో వేశామని ఒకరు, స్టోర్‌లో ఉందని ఇంకొకరు చెప్పారు.

సీసాలో బట్టల సబ్బు పొడి కలిపిన బోరు నీళ్లు పోయడం చిన్న విషయమే అయినా చెప్పక తప్పదు. మన బోర్ల నీటిలోని సున్నం జెట్ల సన్నని రంధ్రాల్లో తెల్లగా గడ్డకడుతుంది. మా పెదనాన్నగారు కాచి వడపోసిన నీళ్లే పోసేవారు. ఆ జెట్లు ఇన్నేళ్లు నిలిచింది అందువల్లే.

కాబట్టి నేను కోరేవి ఇవి. పంపును సీసా అడుగు మట్టానికి దించి, తీగలు సరిగా కలిపి, విడి ఫ్యూజూ వెనక్కి జారనివ్వని వాల్వూ పెట్టి, నా ఎదుట నీళ్లు చిమ్మించి చూపాలి. లేదా పంపు ధర 2,150 రూపాయలు మినహాయించుకుని మిగిలిన 7,250 రూపాయలు తిరిగి ఇవ్వాలి. ఈ రెంటిలో ఏది ఎంచుకున్నా డ్యాష్‌బోర్డు రేకును పూడ్చి అదే రకం రంగు వేయించాలి, పాత చేతిపంపును నాకు అప్పగించాలి, ఎర్త్ మార్చనిదే వాషర్ పనిచేయదన్న మీ అంచనా తప్పని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోగా సమాధానం రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపంపై ఫిర్యాదు దాఖలు చేస్తాను. బిల్లు, అంచనా కాగితం, మీటరు అంకె, మగ్గు పరీక్ష, డ్యాష్‌బోర్డు రంధ్రం ఫొటోలు దీనితో జతచేశాను.

పాత పంపు స్టోర్‌లో దొరికితే, మిగతా విషయాలు తేలేదాకా ఆగకుండా ముందు దాన్ని పంపించండి. దాని రబ్బరు నేను వేరే చోట తెప్పించుకుంటాను.

ఇట్లు,
భవదీయుడు
(సంతకం)