నిజం చెప్పిన దేశానికే నింద

సంపాదకులకు నమస్కారం.

1918 నాటి ఫ్లూని ఇప్పటికీ ‘స్పానిష్ ఫ్లూ’ అనే రాస్తున్నారు. ఆ పేరు చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆ జబ్బు స్పెయిన్‌లో పుట్టిందనడానికి ఆధారం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో స్పెయిన్ తటస్థ దేశం. అందుకే అక్కడి పత్రికలు రాజు పదమూడో అల్ఫోన్సో మంచం పట్టిన సంగతితో సహా ఉన్నదున్నట్టు రాశాయి. యుద్ధంలో ఉన్న దేశాలేమో జనం ధైర్యం చెడుతుందని వార్తలు తొక్కిపెట్టాయి.

ఆ ధోరణి ఎంత నష్టం చేసిందో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరాన్ని చూస్తే తెలుస్తుంది. డాక్టర్లు వద్దని మొత్తుకున్నా, సెప్టెంబర్ 28న యుద్ధ బాండ్లు (యుద్ధ ఖర్చుకు ప్రభుత్వం జనం దగ్గర అప్పు తీసుకునే పత్రాలు) అమ్మడానికి ఊరేగింపు జరిపారు. సుమారు 2 లక్షల మంది వచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆసుపత్రులు కిక్కిరిసిపోయాయి. నర్సుల్లో చాలామంది సైన్యం సేవలో ఉన్నారు. శవపేటికలు దొరక్క శవాలు ఇళ్లలోనే ఉండిపోయాయి. అప్పుడు రోగుల దగ్గర కూర్చున్నది క్రైస్తవ సన్యాసినులు. గోతులు తవ్వినవాళ్లలో మత విద్యార్థులూ ఉన్నారు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్లు చెమ్మగిల్లుతాయి.

అమెరికాలోనే మరో నగరమైన సెయింట్ లూయిస్‌లో ఆరోగ్యాధికారి మాక్స్ స్టార్క్‌లాఫ్ అక్టోబర్ మొదట్లోనే బడులు, థియేటర్లు, చర్చిలు మూయించారు. అక్కడ మరణాల రేటు ఫిలడెల్ఫియా కన్నా బాగా తక్కువ.

జబ్బులకు దేశాల పేర్లు పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఇకమీదట మీ పత్రికలోనైనా ‘1918 ఫ్లూ’ అని రాయమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు