నోటి వాసనకు మందు కొనేముందు

తల్లీ,

నోటి వాసనకు కడుపులో గ్యాసే కారణమనుకుని మాత్రలు వేసుకుంటున్నానని రాశావు. డాక్టరు రాయనివైతే ఈరోజే ఆపెయ్. పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఆ వాసన పుట్టేది నోట్లోనే.

పొద్దున లేవగానే ఎవరి నోరైనా వాసనే, అది లెక్కలోకి రాదు. తిన్న రెండు గంటల తర్వాత చూడు. మన వాసన మనకు తెలీదు కాబట్టి అమ్మను పక్కన కూర్చోబెట్టుకో. నోరు మూసి ముక్కుతో ఊదితేనే వాసన వస్తే సైనస్ సంగతి చూడాలి, ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లు. ముక్కు మూసి నోటితో ఊదినప్పుడు వస్తే, స్టీలు చెంచా బోర్లించి నాలుక వెనక భాగాన మెల్లగా గీకి, కాస్త ఆగి వాసన చూడు. పసుపుపచ్చగా జిగురులా వచ్చే ఆ పాచిలో, గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియా ఉంటుంది. అది ప్రోటీన్లను కుళ్లబెడితే కుళ్లిన గుడ్డు కంపుకొట్టే గంధకపు వాయువులు పుడతాయి. ఆ తర్వాత దవడపళ్ల సందుల్లో ఫ్లాస్ దారం ఆడించి, ఒక్కో సందూ విడిగా వాసన చూడు. ఒకే సందు కంపుకొడితే అక్కడ పిప్పి పన్నో, అంచు సరిగా కూర్చోని క్యాపో ఉండొచ్చు.

టంగ్ క్లీనర్‌తో చాలామంది నాలుక ముందు సగమే గీకి ఆపేస్తారు. పాచి పేరుకునేది వెనక. నాలుక బాగా చాపి, ఊపిరి వదులుతూ వెనక నుంచి ముందుకు నాలుగైదు సార్లు లాగు. అలా చేస్తే ఓకరింత తక్కువ. రక్తం వచ్చేలా మాత్రం గీకకు.

చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని అక్కడ బ్రష్ పెట్టడం మానేశావేమో, అదే పెద్ద తప్పు. రక్తం వచ్చే చోటే పాచి ఉంది. డెంటిస్టు సన్నటి కొలబద్దతో పంటికీ చిగురుకీ మధ్య లోతు చూస్తారు. మూడు మిల్లీమీటర్ల లోపైతే మామూలే. నాలుగు దాటి రక్తం కూడా వస్తుంటే అంత లోపలికి నీ బ్రష్ అందదు, చిగురు కింద గార తీయించాల్సిందే. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న మాట నమ్మకు. ఎముక ముందే తరిగి ఉంటుంది, ఆ సందును కప్పిన గార పోయాక అది కనిపిస్తుంది, అంతే.

డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం అనే పుక్కిలింత మందు రాస్తే, 10 మి.లీ. నోట్లో పోసుకుని నిమిషం పుక్కిలించి ఉమ్మెయ్, రోజుకు రెండుసార్లు. బ్రష్ చేసిన అరగంట తర్వాతే వాడు, పేస్టులోని నురుగు మందు దాని పనిని దెబ్బతీస్తుంది. రెండు వారాలు చాలు. ఆపైన వాడితే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, రుచీ మారుతుంది.

జలుబుకు సిటిరిజిన్ రోజూ వేసుకుంటే నోరు ఎండి వాసన పెరగొచ్చు, ఆ మాట డాక్టరుకు చెప్పు. పండిన పండులాంటి వాసనతో పాటు విపరీతమైన దాహం, వాంతులు ఉంటే మాత్రం ఆగకు, వెంటనే ఆసుపత్రికి వెళ్లి షుగర్ చూపించుకో.

అపాయింట్‌మెంటుకు రెండు రోజుల ముందు నుంచి ఉల్లి, వెల్లుల్లి మానెయ్. ఆ పొద్దున పుక్కిలింత మందు, సెంటు వద్దు. వాసన ఉన్నదున్నట్టు డాక్టరుకు తెలియాలి.

నాన్న