కూర్చోలేనివాళ్ల కరపత్రం దిద్దిపెట్టినవాళ్లకి కృతజ్ఞతలు

మలద్వారం, జననాంగం చుట్టూ పాకే ప్యుడెండల్ నరం నొక్కుకుపోతే కూర్చోనివ్వని నొప్పి వస్తుంది. ఆ నొప్పికి ఉన్న ఆపరేషన్ల మీద తెలుగులో మేం వేస్తున్న కరపత్రం నిన్న ప్రింటుకి వెళ్లింది. మొదటి ప్రతి మీద పడిన ఎర్రసిరా చూస్తే ఇది మా రాతే అని చెప్పుకోడానికి మొహం చెల్లట్లేదు. దిద్దినవాళ్లు పేర్లు వద్దన్నారు. సరే, ఎవరు ఏ వాక్యం కొట్టేశారో చెప్పి దణ్ణం పెట్టుకుంటాం.

ముందుగా పెయిన్ క్లినిక్ డాక్టరుగారికి. "ఎమ్మారైలో నరం నొక్కుకుపోయినట్టు కనిపిస్తే ఆపరేషన్" అని రాశాం. ఆయన అడ్డంగా కొట్టేసి, ఎమ్మారై ముఖ్యంగా గడ్డలూ సిస్టుల్లాంటివి లేవని చూసుకోడానికి అని పక్కన రాశారు. 2008లో ఫ్రాన్సులోని నాంత్ వైద్యులు ప్రచురించిన ఐదు గుర్తులే ఇక్కడ ఆధారం. నొప్పి ఆ నరం పాకే చోట, అంటే మలద్వారం నుంచి జననాంగం దాకా ఉండాలి. కూర్చుంటే పెరగాలి. రాత్రి నిద్రలోంచి లేపకూడదు. పరీక్షలో స్పర్శ పోయినట్టు తేలకూడదు; తేలితే వెన్ను అడుగున వేర్ల దగ్గర చూడాలి. నరం పక్కన మత్తు ఇంజెక్షన్ ఇస్తే తగ్గాలి. కుర్చీలో ప్రాణం పోతూ, కమోడ్ మీద మాత్రం హాయిగా ఉందంటే అనుమానం ఇటు తిప్పాల్సిందే. మొలలనీ, ప్రోస్టేట్ ఇన్‌ఫెక్షననీ ఏళ్ల తరబడి మందులు మింగేది ఇలాంటివాళ్లే.

ఆ ఇంజెక్షన్ గురించి మేం రెండు లైన్లు రాస్తే ఆయన పేజీ చేశారు. బ్లాక్‌కి, అంటే ఈ మత్తు ఇంజెక్షన్‌కి, నొప్పితోనే రావాలి. ముందు గట్టి కుర్చీలో కూర్చుని, నొప్పి వచ్చాక సున్నా నుంచి పది లోపు ఎంతో రాసుకోవాలి. ఇంజెక్షన్ అయ్యాక ఇంటికెళ్లి పడుకుంటే పరీక్ష వృథా. అదే కుర్చీలో మళ్లీ కూర్చుని, అరగంటకోసారి, మత్తు దిగేదాకా రాయాలి. దూదితో తాకి తిమ్మిరి ఎక్కిందో లేదో కూడా చూడాలి. తిమ్మిరే రాకపోతే సూది గురి తప్పి ఉండొచ్చు, ఏమీ తేలనట్టే లెక్క. తిమ్మిరి బాగా వచ్చినా నొప్పి కదలకపోతే కారణం వేరే చోట వెతకాలి, కత్తి జోలికి పోకూడదు. ఇంకో మాట కూడా ఆయనదే: బ్లాక్ పనిచేసినంత మాత్రాన నరం నొక్కుకుపోయిందని రుజువైనట్టు కాదు.

సర్జన్‌గారు బొమ్మే మార్చేశారు. వెన్ను అడుగున ఎస్2, ఎస్3, ఎస్4 అనే వేర్ల నుంచి పుట్టిన నరం కటి ఎముక ముల్లు దగ్గర రెండు లిగమెంట్ల మధ్య కత్తెరలో పడ్డట్టు వెళ్తుంది. ఆపైన కటి పక్కగోడలో ఉండే ఆల్‌కాక్ కాలువ అనే సన్నని దారిలోకి దూరుతుంది. నొక్కుడు ఎక్కువగా ఈ రెండు చోట్లే. పిరుదు వైపు నుంచి చేసే పద్ధతిలో పేషెంటుని బోర్లా పడుకోబెట్టి, పెద్ద కండరాన్ని పోగుల దారినే విడదీసి, లిగమెంట్లు కోసి, కాలువ పొర తెరిచి, నరాన్ని ముల్లుకి ముందువైపు జరుపుతారు. లాపరోస్కోపీలో పొట్ట మీద చిన్న రంధ్రాల గుండా ముందునుంచి వెళ్తారు కాబట్టి వెనక లిగమెంటు జోలికి పోనక్కర్లేదు. అది కోస్తే కొందరికి తుంటి వెనక కీలు వదులై కొత్త నొప్పి మొదలవుతుంది. అందుకే కొందరు సర్జన్లు తిరిగి కుడతారు. ఇది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న.

"ఆపరేషన్‌తో నయమవుతుంది" అన్న మా వాక్యంలో "నయం" తీసేసి "మెరుగు" పెట్టింది కూడా ఆయనే. నాంత్‌లోనే చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఉన్నది 32 మంది, సగం మందికే ఆపరేషన్. ఏడాదికి ఆపరేషన్ జట్టులో 71.4 శాతం, ఆపరేషన్ చెయ్యని జట్టులో 13.3 శాతం మెరుగుపడ్డారు. చిన్న అధ్యయనం, పైగా పూర్తిగా తగ్గడం వేరు. మొదటి వారాల్లో నొప్పి పెరగొచ్చు కూడా. తేడా తెలియడానికి నెలలు పడుతుంది, మచ్చ కండ పెరిగి నరం మళ్లీ ఇరుక్కోవడమూ ఉంది.

"నరం కోసేస్తే పీడా పోతుంది" అని రాసినందుకు ఇద్దరూ కోప్పడ్డారు. మలమూత్రాలని బిగబట్టే కండరాలు ఈ నరం మీదే ఆధారపడతాయి, నరాన్ని మొదలు దగ్గరే కోసేస్తే వాటి మీద అదుపు పోయే ప్రమాదం ఉంది. సూదితో నరం పక్కన కరెంటుని ఆగి ఆగి పంపే పల్స్‌డ్ రేడియోఫ్రీక్వెన్సీలో సూది మొన 42 డిగ్రీలు దాటనివ్వనిది అందుకే, నరం కాలకూడదు. వెన్ను అడుగు ఎముకలోని ఎస్3 రంధ్రం దగ్గర తీగ పెట్టి నరానికి సన్నగా కరెంటు పంపే స్టిమ్యులేటర్‌కి ముందు ట్రయల్ ఉంటుంది. ఆ రోజుల్లో నొప్పి కనీసం సగం తగ్గితేనే బ్యాటరీ లోపల పెడతారు. ఆ బ్యాటరీతో తర్వాత ఎమ్మారై తీయొచ్చా అన్నది ముందే అడగండి, ఖర్చు లక్షల్లో కదా.

ఫిజియోథెరపిస్టుగారు కొట్టేసింది ఒక్కటే మాట: కెగెల్, అంటే కటి అడుగు కండరాల్ని బిగించే వ్యాయామం. బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. ఇక్కడ నేర్చుకోవాల్సింది వదలడం.

చివరగా, పరుపుల షాపాయనకి. రింగు దిండు సరిపోతుందనుకున్నాం. నాలుగు అంగుళాల మందం గట్టి ఫోమ్‌లో ముందు నుంచి వెనక దాకా మూడు అంగుళాల వెడల్పున గాడి కోయించుకోవాలని డాక్టర్లు చెప్పారు. కూర్చునే ఎముకలు రెండూ ఫోమ్ మీదే ఆనాలి, మధ్యభాగం గాల్లో ఉండాలి. గాడి వెడల్పైతే ఎముకలు జారిపోతాయి. ఫోమ్‌ని నొక్కిపట్టి కోస్తే అంచు లోపలికి వంగుతుందని, నొక్కకుండా పొడుగు బ్లేడుతో నిలువుగా కోసి చూపించింది ఆయన. ముక్కలు విడిపోకుండా కింద పలచటి ప్లైవుడ్ అతికించమన్నదీ ఆయనే. కొలతలు చివరి పేజీలో ఆయన చేతిరాతలోనే వేశాం.